అంతకంటే మాస్టారి తప్పుల చిట్టా

ఎదుటివాళ్ళు ఎంత పెద్ద తప్పు చేసి వచ్చినా సరే, అంతకంటే పెద్ద తప్పు తాను ఎప్పుడో చేసి కూర్చున్నానని చెప్పుకోకపోతే మాస్టారికి పూట గడవదు. లోకంలో కొందరికి తాతల పేరు గొప్ప, కొందరికి పిల్లల మార్కులు గొప్ప. ఈయనకి తన తప్పులు గొప్ప. ఆ విషయంలో ఎవరైనా తనని మించిపోతారేమోనని ఒకటే ఆరాటం.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగానికి ఆయనే పెద్ద. ముప్పై ఒక్క ఏళ్ళుగా జనం మోకాళ్ళు వంచుతూ, భుజాలు లేపుతూ, నడుములు నొక్కుతూ వచ్చినందుకు బొటనవేళ్ళు రెండూ వెనక్కి వంగిపోయాయి. ముక్కు మీదకి జారే కళ్ళజోడు, చొక్కా జేబులోంచి వేలాడే కొలత టేపు, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట. "అంతేనా? నేను అంతకంటే ఘోరం చేశాను!" అసలు పేరు హాజరుపట్టీలో మాత్రం మిగిలింది. వార్డుల్లో, క్యాంటీన్లో, లిఫ్టు దగ్గర అందరి నోటా ఆయన 'అంతకంటే మాస్టారు'.

ఆ మాట కొత్తమ్మాయి చెవిన మొదటిసారి పడింది ఉద్యోగంలో చేరిన మూడో రోజున.

ఈ కొత్తమ్మాయి గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. కాలేజీలో మొదటి ర్యాంకు. చిన్నప్పుడు నోటుపుస్తకంలో ఒక్క కొట్టివేత పడితే పేజీ చింపేసి మొత్తం మళ్ళీ రాసేదట. తప్పు చేయడమంటే ఆమెకి నలుగురిలో జారిపడ్డంత సిగ్గు. అలాంటి మనిషి ఆ రోజు ఒక దర్జీ భుజానికి అల్ట్రాసౌండ్ చికిత్స చేసింది. జెల్ రాసి, మిషను పిడి పట్టుకుని, పుస్తకంలో ఎలా ఉందో అలా గుండ్రంగా పది నిమిషాలు తిప్పింది. అంతా అయ్యాక చూసుకుంటే మిషను ప్లగ్గు గోడకి లేదు, నేల మీద ఉంది.

ఆ మిషనుతో వచ్చిన తంటా అదే. పనిచేస్తున్నా చప్పుడుండదు, వేడి తెలియదు. చిన్న దీపం ఒకటి వెలుగుతుంది కానీ, కొత్తమ్మాయి భుజం మీదున్న చూపు తిప్పితే కదా! పైగా దర్జీ చేయి ఆడించుకుంటూ, "సగం నొప్పి పోయిందమ్మా, నీ చేతి చలవ" అని దీవించి మరీ లేచాడు.

"ఏమ్మా, మొహం అలా పాలిపోయింది?" అన్నారు మాస్టారు వెనక నుంచి.

"ఏం లేదు సార్."

"ఏం లేకపోతే ఆ ప్లగ్గు వంక అలా చూస్తావెందుకు, అదేదో నీకు బాకీ ఉన్నట్టు?"

కొత్తమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సార్... ప్లగ్గు పెట్టకుండానే... పది నిమిషాలూ..."

మాస్టారు ఆ మాట పూర్తి కానివ్వలేదు. గుమ్మం దాకా వెళ్ళిన దర్జీని వెనక్కి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పించి, ఈసారి దీపం చూపించి మరీ చికిత్స చేయించారు. బల్ల మీదున్న తప్పుల రిజిస్టరు తెరిపించి ఆమె చేతే రాయించారు. అవి రెండూ అయ్యాక, తీరిగ్గా స్టూలు లాక్కుని కూర్చుని, చాలా నిరాశపడ్డట్టు మొహం పెట్టారు.

"పది నిమిషాలేనా? నేను ఇంకా ఏదో అనుకున్నాను. నేను అంతకంటే ఘోరం చేశాను. మూడు వారాలు! చేరిన రెండో ఏడు. ఒక పోలీసాయన మోకాలికి, రోజూ పావుగంట, ప్లగ్గు లేకుండా."

"అయ్యో! ఆయన ఏమీ అనలేదా సార్?"

"అనకేం, పూర్తిగా తగ్గిపోయిందన్నాడు. మర్నాడు వాళ్ళ బావమరిదిని కూడా తీసుకొచ్చాడు. ఆయనకి బుద్ధిగా ప్లగ్గు పెట్టి చేశాను. పిసరు కూడా తగ్గలేదు. 'మా బావకి చేసినట్టు చేయండి' అని ఆ బావమరిది నా ప్రాణం తీశాడంటే నమ్ము!"

కొత్తమ్మాయికి ఏడుపులోంచి నవ్వొచ్చింది. మూడు వారాలు ప్లగ్గు పెట్టని మనిషి ఇవాళ ఇంత పెద్దవాడైతే, పది నిమిషాలు పెట్టని తాను బతికి బట్టకట్టకపోదు అనిపించింది.

ఇక ఆ తర్వాత చూస్తే అది రోజూ జరిగే తంతే. ఎడమకాలు నొప్పి ఉన్నవాళ్ళు చేతికర్ర కుడిచేత పట్టుకోవాలి. పొడుగబ్బాయి అని ఇంకో జూనియర్ ఉండేవాడు, తల ఎప్పుడూ కర్టెను రాడ్డుకి తగిలించుకునేవాడు. వాడు ఒకామెకి కర్ర నొప్పికాలి వైపే పట్టించి నడిపించాడు. ముందు ఆమెని సరిచేశారు, తర్వాత రిజిస్టరులో రాశారు, ఆ తర్వాత మాస్టారు స్టూలు లాక్కున్నారు.

"ఒక మనిషికేనా? నేను అంతకంటే ఘోరం. తల్లికి, కూతురికి, మేనత్తకి, ముగ్గురికీ తప్పు చేతికే ఇచ్చాను. ముగ్గురూ వరసగా ఒకే పక్కకి ఒరిగి వీధిలో వెళ్తుంటే, ఎదురొచ్చిన ఆయన ఇదేదో కొత్త వ్యాయామం కాబోలని తనూ ఒరిగి నడవడం మొదలుపెట్టాడు."

ఇంకొకరు పేషెంటుకి వేడి కాపడం పెట్టి పావుగంట మర్చిపోతే, తాను కర్టెను వెనక ఒక గుమాస్తాని మర్చిపోయి తలుపుకి తాళం వేసి ఇంటికెళ్ళిపోయానన్నారు. పొద్దున వచ్చి తీస్తే ఆ గుమాస్తా ఒళ్ళు విరుచుకుంటూ, "ఇంత నిద్ర పట్టి ఎన్నాళ్ళైందో, రేపటికి కూడా ఇదే మంచం రాయండి" అన్నాడట. రబ్బరు పట్టీ చేయిజారి పేషెంటు చెవికి తగిలితే, తాను వదిలిన పట్టీ తిన్నగా అప్పటి సూపరింటెండెంటు గారి విగ్గుకి తగిలి, ఆ విగ్గు కిటికీలోంచి ఎగిరి పూలకుండీలో పడిందన్నారు.

"ఈ లెక్కన సార్ వయసు నూట పదేళ్ళన్నా ఉండాలి" అన్నాడు పొడుగబ్బాయి ఒకరోజు, వేళ్ళు మడిచి. "మామూలు మనిషికి ఇన్ని తప్పులు చేసే తీరిక ఎక్కడిది?"

"నోరు మూసుకుని పని చూసుకోండి" అంది ఆయమ్మ, దుప్పట్లు మడుస్తూ. ఆ విభాగంలో మాస్టారి కంటే ముందు నుంచి ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఆయన కథ మొదలెట్టినప్పుడల్లా ఆమె అటు తిరిగిపోయేది. ఆయనంటే పడదేమో అనుకునేది కొత్తమ్మాయి.

నాలుగో నెలలో కొత్తమ్మాయి నిజంగా భయపడాల్సిన పని ఒకటి చేసింది. తుంటికీలు మార్పిడి జరిగిన బస్సు డ్రైవరు ఒకాయన వచ్చాడు. అలాంటివాళ్ళని కొన్ని వారాలు తక్కువ ఎత్తు ఆసనం మీద కూర్చోబెట్టకూడదు. మరీ వంగితే కొత్త కీలు జారిపోవచ్చు. ఆ సంగతి ఆమెకి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ ఆ రోజు రద్దీలో, చెప్పులు తొడుక్కోవడానికి ఆయన ఇబ్బంది పడుతుంటే పాపమని పొట్టి స్టూలు జరిపింది. ఆయన కూర్చున్నాడు, లేచాడు, వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత ఆ స్టూలు కంటపడితే కానీ ఆమెకి తాను చేసిందేమిటో తట్టలేదు.

ఎవరూ చూడలేదు. డ్రైవరుకి తెలియదు. నోరు మెదపకపోతే అడిగేవాడు లేడు. పాత కొత్తమ్మాయి అయితే ఆ పేజీ చింపేసి ఊరుకునేదేమో. ఈమె మాత్రం తిన్నగా మాస్టారి దగ్గరికెళ్ళి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని వెంటనే ఫోన్ అందుకున్నారు. డ్రైవరుతో మాట్లాడారు, నొప్పి ఉందా, కాలు పొట్టిగా అనిపిస్తోందా, పాదం పక్కకి తిరిగిందా అని అడిగారు. సర్జన్‌కి చెప్పారు. డ్రైవరుని సాయంత్రమే రప్పించి ఎక్స్‌రే తీయించారు. కీలు చెక్కుచెదరలేదు. కొత్తమ్మాయి డ్రైవరుకి క్షమాపణ చెప్పింది. రిజిస్టరులో రాసింది. అప్పటిదాకా నవ్వని మాస్టారు అప్పుడు స్టూలు లాక్కున్నారు.

"పొట్టి స్టూలేనా? నేను అంతకంటే ఘోరం. నేను ఒకాయన్ని..."

ఏం చెప్పారో కొత్తమ్మాయికి తర్వాత గుర్తులేదు. ఆ గొంతు వింటుంటే గుండె కుదుటపడింది, అదొక్కటే గుర్తు.

అయితే, ఆ పూట పక్క కర్టెను వెనక ఇంకొకరు కూడా విన్నారు.

ఆసుపత్రికి కొత్తగా వచ్చిన మేనేజరు గారికి రోజంతా కంప్యూటరు ముందు తల వంచి మెడ పట్టేసింది. కాపడానికని వచ్చి, కదలొద్దన్నందుకు కదలకుండా పడుకుని, పక్కన జరిగేదంతా విన్నారు. తుంటికీలు దగ్గర మొదలైన మాస్టారు ఆ రోజు మంచి ఊపు మీదున్నారేమో, వరసగా మూడు ఘోరాలు చెప్పారు. మూడో ఘోరం అయ్యేసరికి కాపడం చల్లారింది, మేనేజరు గారు వేడెక్కారు.

ఆయన చెడ్డవారు కాదు, కాగితం మనిషి. వారం రోజుల్లో ఆసుపత్రి అంతా విచారించి, మాస్టారు తన నోటితో తాను ఒప్పుకున్న నేరాలు ఇరవై ఏడు పోగుచేశారు. ఆ వెంటనే మెమో వచ్చింది. శుక్రవారం పదకొండింటికి విచారణ. నేరాలు రుజువైతే మాస్టారు ఇకపై జూనియర్ల జోలికి పోకూడదు, రిటైరయ్యేదాకా సామాన్ల గదికి ఇన్‌ఛార్జిగా ఉండాలి. విచారణ తేలేదాకా కూడా అక్కడే ఉండాలి.

సామాన్ల గదిలో విరిగిన వాకర్లు, గాలిపోయిన వ్యాయామం బంతులు, ఒంటికాలి స్టాండ్లు. వాటి మధ్య మాస్టారు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఎప్పుడూ ఖాళీగా ఉండని ఆ చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. కొత్తమ్మాయి చూడలేకపోయింది.

"సార్, మీరు జవాబు రాయండి. ఎప్పుడో పాతికేళ్ళ కిందటివి, అప్పుడు చిన్నవాణ్ణి అని రాయండి."

"ఏం రాయనమ్మా? చేశానన్నాను, చేశాను. అంతే."

"మిమ్మల్ని ఇక్కడే ఉంచేస్తారు సార్!"

"ఉంచనీ. బంతులకి గాలి కొట్టుకుంటాను." అని నవ్వబోయారు కానీ ఆ నవ్వు కుదరలేదు. "డ్రైవరు ఎలా ఉన్నాడు? మెట్లు మొదలుపెట్టావా? ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు..." అని ఆగిపోయారు. "సర్లే, నేను చెప్పకూడదుగా."

ఆమె విసవిసా వచ్చి ఆయమ్మ మీద పడింది. "మీరు అప్పటి నుంచి ఉన్నారు కదా! ఆ తప్పులు చిన్నవనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ ఒక్క మాట చెప్పకూడదా?"

"చేస్తే కదా చెప్పడానికి!" అంది ఆయమ్మ.

"అంటే?"

"అంటే ఏంటి పిల్లా, నా నోటితో చెప్పించకు. ఆయన నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. పాత రిజిస్టర్లన్నీ ఆ పైనున్న బీరువాలో ఉన్నాయి. ఫస్టు ర్యాంకు దానివిగా, చదువుకో."

మూడు రోజులు భోజనాల వేళ కొత్తమ్మాయి దుమ్ములో కూర్చుని చదివింది. ముప్పై ఒక్క ఏళ్ళు, ఒకే గుండ్రటి చేతిరాత. ఏ పేషెంటుకి ఏ రోజు మోకాలు ఎంత వంగిందో, ఎవరు ఎన్ని అడుగులు నడిచారో, మందగించినవాళ్ళకి ఏం మార్చి చూశారో అన్నీ ఉన్నాయి. పోలీసాయన లేడు. బావమరిది లేడు. ఒకే పక్కకి ఒరిగిన తల్లీ కూతురూ మేనత్తా లేరు. ఇంత జాగ్రత్తగా పనిచేసిన మనిషిని ఆమె పుస్తకాల్లో కూడా చదవలేదు. దుమ్ముకి తుమ్మిందో ఏడ్చిందో ఆమెకే తెలియదు కానీ, ఒక విషయం మాత్రం తెలిసొచ్చింది. ఆయన నిర్దోషి అని నిరూపించాలంటే, ఆయన అబద్ధాలకోరు అని నిరూపించాలి.

శుక్రవారం వచ్చింది. మేనేజరు గారు మెడపట్టీ వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా మాస్టారు, పక్కన రిజిస్టర్ల గుట్టతో కొత్తమ్మాయి, సాక్షిగా ఆయమ్మ. తలుపు అవతల జూనియర్లందరూ చెవులు ఆనించి నిలబడ్డారని పొడుగబ్బాయి తల తలుపు పైనున్న అద్దంలో కనబడుతుండటం వల్ల అందరికీ తెలుస్తూనే ఉంది.

"మొదటి నేరం" అని చదివారు మేనేజరు గారు. "ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, అల్ట్రాసౌండ్ మిషను ప్లగ్గు పెట్టకుండా మూడు వారాలు చికిత్స. నిజమేనా?"

"నిజమేనండీ" అన్నారు మాస్టారు తల వంచుకుని.

"అబద్ధం సార్!" అంది కొత్తమ్మాయి. "ఈయన చేరిన తొమ్మిదో ఏడు దాకా మన ఆసుపత్రికి ఆ మిషనే రాలేదు. వచ్చిన తేదీ ఇదిగో, ఈయన చేత్తోనే రాశారు."

మేనేజరు గారు మాస్టారి వైపు తిరగబోయారు. మెడ తిరగక కుర్చీతో సహా తిరిగారు. "ఏమంటారు?"

"మిషనే లేనప్పుడు ప్లగ్గు ఎలా పెడతానండీ? అందుకే పెట్టలేదు" అన్నారు మాస్టారు.

తలుపు అవతల ఎవరో కిసుక్కున నవ్వి, ఎవరిచేతో మొట్టికాయ తిన్నారు.

"రెండో నేరం. పేషెంటుని లోపల మర్చిపోయి తలుపుకి తాళం."

"ఆ గదికి తలుపెక్కడ ఏడ్చిందండీ బాబూ!" అంది ఆయమ్మ, ఇక ఒట్టు సంగతి గట్టు మీద పెట్టి. "కర్టెను గుడ్డ ఒక్కటే ఉండేది. తలుపు పెట్టించండని పదేళ్ళు మొత్తుకుంది నేనే!"

"నీకు గుర్తులేదులే ఆయమ్మా" అన్నారు మాస్టారు కంగారుగా.

"చలికి వణికింది నేను. నాకు గుర్తుండదా?"

"మూడో నేరం" అన్నారు మేనేజరు గారు, గొంతులో కాస్త పట్టు తప్పి. "సూపరింటెండెంటు గారి విగ్గు..."

"అప్పటి సూపరింటెండెంటు ఆడమనిషి సార్" అంది కొత్తమ్మాయి. "ఇదిగో గ్రూపు ఫోటో. జడ నడుము దాకా ఉంది."

మాస్టారు ఆమె వైపు వంగి గుసగుసగా, "ఏం పని చేస్తున్నావమ్మా నువ్వు? పిల్లలు వింటున్నారు, ఊరుకో" అన్నారు. ఆ మొహంలో ఉద్యోగం పోతుందన్న బెంగ కాదు కనబడింది. సొంత ఇల్లు కూల్చేస్తుంటే చూస్తున్నవాడి బెంగ. అప్పుడు కొత్తమ్మాయి తిప్పబోయిన పేజీ మొదటిసారి సగంలో ఆగింది. కానీ ఆగితే సామాన్ల గదే. ఇరవై ఏడూ అయ్యేదాకా ఆమె పేజీలు తిప్పుతూనే ఉంది. ప్రతిదానికీ మాస్టారు, "చేశాను" అనడం, రిజిస్టరు, "చేయలేదు" అనడం.

మేనేజరు గారు కలం కింద పెట్టేశారు. "నా సర్వీసులో చేసిన తప్పు కాదనేవాళ్ళనే చూశాను. చేయని తప్పుకి ఇంత పట్టుబట్టేవాళ్ళని చూడలేదు. సరే, ఇంకో మాట చెప్పండి. ఈ నెల తప్పుల రిజిస్టరులో మీ ఒక్క విభాగానివే పద్నాలుగు. మిగతా ఆసుపత్రి అంతా కలిపి రెండు. దీనికేమంటారు?"

"మిగతావాళ్ళు రెండే చేశారంటారా సార్?" అని కొత్తమ్మాయి మెల్లగా అడిగింది. "డ్రైవరుని పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది నేను. ఎవరూ చూడలేదు. ఈయన కథలు వినకపోయి ఉంటే నేను చచ్చినా చెప్పేదాన్ని కాదు."

మేనేజరు గారు ఈసారి మెత్తగా, "ఎందుకండీ మాస్టారూ ఇదంతా?" అన్నారు.

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆ తర్వాత చెప్పిన దాంట్లో ఒక్క అతిశయం లేదు. చేరిన మొదటి నెలలో, చీలమండ విరిగిన ఒక పోస్ట్‌మ్యాన్‌ని చీటీ సరిగ్గా చదవక రెండు వారాలు ముందే కాలు మోపించి నడిపించారట. మర్నాటికి వాచింది. అప్పటి సీనియర్ నోరు పెద్దది. భయపడి చెప్పలేదు. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అని ఎనిమిది రోజులు దాచారు.

"తప్పు ఒక్క నిమిషంలో జరిగిపోయిందండీ. ఆయన్ని మంచాన పడేసింది ఆ నిమిషం కాదు, నేను దాచిన ఎనిమిది రోజులు. రెండు నెలలు ఆలస్యంగా లేచాడు పాపం. ఇప్పుడు నాకంటే వేగంగా నడుస్తాడు, అది వేరే సంగతి. కానీ ఆ ఎనిమిది రోజులూ నాకు ముద్ద దిగలేదు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, 'పర్లేదురా, నేనూ చేశాను' అని ఉంటే మొదటి రోజే చెప్పేసేవాణ్ణి." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "పాఠం పుస్తకంలో ఉంటుంది. ధైర్యం నా దగ్గర అమ్మకానికి లేదు. తోడుగా ఒక తప్పు ఇవ్వగలనండీ, అదే ఇస్తున్నాను. ఆ పోస్ట్‌మ్యాన్ కథ చెబితే పిల్లలు జడుసుకుంటారు. అందుకని నవ్వొచ్చేవి తయారుచేసుకున్నాను."

"ఇరవై ఏడూనా?"

"మీకు దొరికినవి ఇరవై ఏడండీ" అన్నారు మాస్టారు మొహమాటంగా.

మేనేజరు గారు రూలు పుస్తకం అటూ ఇటూ తిరగేశారు. చేసిన తప్పు దాచినవాడికి శిక్ష ఉంది. చేయని తప్పు ఒప్పుకున్నవాడిని ఏం చేయాలో ఎక్కడా లేదు. చివరికి మెమో రెండుగా చింపి, "సోమవారం నుంచి మీ జూనియర్లు మీకే" అన్నారు. తలుపు అవతల పెట్టిన కేక పైఅంతస్తు దాకా వినిపించింది.

కొత్తమ్మాయికి మాత్రం ఆ శని, ఆదివారాలు నిద్ర పట్టలేదు. ఆయన్ని గెలిపించింది, బాగానే ఉంది. కానీ ఆయన దగ్గరున్న ఒకే ఒక్క మందు వట్టి నీళ్ళేనని ఊరందరికీ చెప్పి మరీ గెలిపించింది. ఇక రేపెవరైనా తప్పు చేసి వస్తే ఆయన ఏమిస్తారు? వాళ్ళు ఎందుకు వస్తారు?

సోమవారం పది గంటలకి ఆ సంగతి తేలిపోయింది. పొడుగబ్బాయి తన ఎత్తుకి సరిపోయేలా చూసుకుని వాకర్ బిగించి, నాలుగడుగుల ఎత్తు కూడా లేని ఒక మామ్మగారికి ఇచ్చాడు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, దండేన్ని పట్టుకు వేలాడుతున్నట్టు వరండా అంతా నడిచొచ్చి, "నాయనా, భుజాలకి కూడా వైద్యం చేస్తారా ఇక్కడ?" అని అడిగింది. వాడు నాలిక్కరుచుకుని వాకర్ దించాడు. ఆవిడకి క్షమాపణ చెప్పి కూర్చోబెట్టాడు. రిజిస్టరులో రాశాడు. వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

అలవాటు చొప్పున మాస్టారు స్టూలు లాక్కున్నారు. నోరు తెరిచారు. చుట్టూ జూనియర్లందరూ తననే చూస్తున్నారని గమనించి మళ్ళీ మూసుకున్నారు.

"రాశావుగా?"

"రాశాను సార్."

"మంచిది. ఇక ఎత్తు చూసి ఇవ్వు. వెళ్ళు."

పొడుగబ్బాయి కదల్లేదు. "అంతేనా సార్?"

"అంతే."

"మీరు... ఏమీ చేయలేదా?"

"చేయలేదు నాయనా. తెలిసిపోయిందిగా అందరికీ." ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ లేవబోయారు.

కొత్తమ్మాయి చేతిలో పని వదిలేసింది. దారికి అడ్డంగా వెళ్ళి నిలబడింది. "కూర్చోండి సార్. తెలిస్తే ఏం? చెప్పండి. ఇన్నాళ్ళూ అవి నిజమనుకుని విన్నాం. మాకోసం కూర్చుని కష్టపడి కల్పించారని తెలిశాక వినడం ఇంకా బాగుంటుంది."

"అవును సార్" అన్నాడు పొడుగబ్బాయి, ఏడుపు మొహంతో. "వట్టి చేతులతో పంపకండి."

మాస్టారు అందరి వంకా చూశారు. ఆ కళ్ళలో ఏదో తళుక్కుమంది కానీ, దాన్ని ఎవరి కంటా పడనివ్వకుండా స్టూలు మీద కూలబడి, మోకాలి మీద చరిచారు.

"మామ్మగారికి కాస్త పెద్ద వాకర్ ఇచ్చావు, అంతేనా? సిగ్గులేదూ చెప్పుకోడానికి? నేను అంతకంటే ఘోరం చేశాను! ఆరున్నర అడుగుల ఆయనకి చిన్నపిల్లల వాకర్ ఇచ్చాను. పాపం ఆయన నడుము దగ్గర రెండుగా మడిచినట్టు వంగిపోయి, నేలకేసి చూసుకుంటూ ఇంటిదాకా నడిచాడు. నన్ను తన్నడానికి వస్తాడనుకున్నాను. మర్నాడు పెళ్ళాన్ని వెంటపెట్టుకుని దండం పెట్టడానికొచ్చాడు. ఎందుకో చెప్పు?"

"ఎందుకు సార్?"

"ఆర్నెల్ల కిందట వీధిలో పోయిన ఆవిడ చెవికమ్మ దొరికిందట! ఇంకో కమ్మ కూడా పోయింది, ఇంకో వారం ఆ వాకరే ఉంచమంటారా అని అడగడానికి వచ్చారు!"

గది గొల్లుమంది. పొడుగబ్బాయి నవ్వలేక కర్టెను రాడ్డు పట్టుకున్నాడు. ఆయమ్మ దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుంది, ఈసారి అటు తిరగలేదు. కుర్చీలో కూర్చున్న మామ్మగారైతే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, పక్కనున్న కొత్తమ్మాయి చేయి పట్టుకుని లాగింది.

"ఏమ్మా, నిజంగా జరిగిందా ఇది?"

ముప్పై ఒక్క ఏళ్ళ రిజిస్టర్లు అక్షరం వదలకుండా చదివిన కొత్తమ్మాయి ఆవిడ కళ్ళలోకి తిన్నగా చూసింది.

"నిజమే మామ్మగారూ. రిజిస్టరులో కూడా ఉంది."